సూది వేసే గదిలోనే విరుగుడూ ఉండాలి

శ్రీకాకుళంలో డిగ్రీ విద్యార్థినులు, వాళ్ల తల్లులు, బ్యూటీ పార్లర్లు నడుపుకునే మహిళల కోసం జరిగిన ఆరోగ్య సదస్సులో ఒక కంటి వైద్యురాలు చేసిన ప్రసంగానికి అక్షరరూపం.

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డ పిల్లలు ముందుకొచ్చి కూర్చోండమ్మా, ఈ పక్క కుర్చీలు ఖాళీగా ఉన్నాయి.

ముఖానికి వేయించుకునే ఇంజెక్షన్ల గురించి చెప్పడానికి కంటి డాక్టర్ని పిలిచారేమిటని మీలో కొందరికి అనిపించి ఉంటుంది. పొద్దున్న మా ఇంట్లో కూడా ఇదే అడిగారు. నిజమే, ఈ పని చర్మ వైద్యులది, ప్లాస్టిక్ సర్జన్లది. కానీ ఈ మందుల్లో మొదటిది కంటి వైద్యంలోనే పుట్టింది. ఈ ఇంజెక్షన్ల వల్ల జరగగల పెద్ద నష్టాల్లో ఒకటి వచ్చి పడేదీ కంటి మీదే. ఆ మొదలూ ఈ చివరా రెండూ చూసినదాన్ని కాబట్టి వస్తానని ఒప్పుకున్నాను.

ముందు ఈ సీసా చూడండి. ఇది ముడతలకి వేసే బొటాక్స్ మందు సీసా, వాడేసినది. లోపల బ్లీచ్ ద్రావణంతో కడిగించి తెచ్చాను, భయపడక్కర్లేదు. ముందు వరస నుంచి చేతులు మారుతూ వెనక్కి వెళ్లనివ్వండి. చివర్లో మాత్రం గుర్తుపెట్టుకుని నాకు తిరిగి ఇచ్చేయాలి.

కొత్త సీసా తీసినా దాదాపు ఇలాగే ఖాళీగా కనిపిస్తుంది. దీపం వెలుగులో పెట్టి చూస్తే అడుగున పల్చటి తెల్లటి పొర ఒకటి ఉంటుంది, అంతే. ఆ పొరలో కూడా ఎక్కువ భాగం ఉప్పు, ఆల్బుమిన్ అనే ప్రొటీను. అసలు మందు నానోగ్రాముల లెక్క. గ్రాముని వంద కోట్ల ముక్కలు చేస్తే అందులో కొన్ని ముక్కలన్నమాట. సీసాలో గాలి ఉండదు, వాక్యూమ్ ఉంటుంది. సెలైన్ నింపిన సిరంజి సూది రబ్బరు మూతలోకి దిగగానే, మనం నొక్కకుండానే సీసా ఆ సెలైన్‌ని లోపలికి లాక్కోవాలి. లాక్కోలేదంటే ఆ సీసా పనికిరాదు, పారేయాలి. 2 నుంచి 8 డిగ్రీల చలిలో ఉంచాలి. ఒకసారి కలిపాక 24 గంటల్లో వాడేయాలని కంపెనీ లేబులే చెబుతుంది. ఈ 24 గంటల మాట గుర్తుంచుకోండి, మళ్లీ దాని దగ్గరికి వస్తాను.

ఇది మొదట విషంగానే లోకానికి తెలిసింది. 1895లో బెల్జియంలో ఒక పల్లెటూళ్లో అంత్యక్రియలకి వాయించడానికి వచ్చిన బాజాబృందం నిల్వ పంది మాంసం తింది. చాలామందికి చూపు రెండుగా కనబడి, రెప్పలు వాలి, మింగుడు పడక పోయింది. ముగ్గురు చనిపోయారు. ఆ మాంసంలోంచే వాన్ ఎర్మెంగెమ్ అనే శాస్త్రవేత్త దీనికి కారణమైన బాక్టీరియాని పట్టుకున్నాడు. అది తయారుచేసే విషమే ఈ సీసాలోని మందు, నరం నుంచి కండరానికి వెళ్లే సంకేతాన్ని ఆపేస్తుంది. కండరం కదలదు.

దాదాపు ఎనభై ఏళ్ల తర్వాత శాన్ ఫ్రాన్సిస్కోలో అలన్ స్కాట్ అనే కంటి డాక్టరు, మెల్లకన్ను ఉన్నవాళ్లకి కత్తి పెట్టకుండా ఈ విషాన్నే లేశమంత ఇచ్చి, లాగుతున్న కండరాన్ని కాస్త బలహీనపరిస్తే ఎలా ఉంటుందని ఆలోచించాడు. పని చేసింది. 1989లో అమెరికాలో మెల్లకన్నుకీ, రెప్పలు బిగుసుకుపోయే జబ్బుకీ దీన్ని మందుగా ఆమోదించారు. కెనడాలోని వాంకూవర్‌లో జీన్ కారుథర్స్ అనే మరో కంటి డాక్టరు, ఆ రెప్పల జబ్బుకి ఇంజెక్షన్ తీసుకుంటున్న పేషెంట్లకి కనుబొమల మధ్య ముడతలు కూడా పోతున్నాయని గమనించారు. ఆవిడ భర్త అలస్టేర్ చర్మ వైద్యుడు. ఇద్దరూ కలిసి 1992లో ఆ సంగతి ప్రచురించారు. ముడతల కోసం అమెరికాలో అనుమతి వచ్చింది 2002లో. జీన్ కారుథర్స్ పేరు మరచిపోకండి, ఇంకోచోట మళ్లీ వస్తుంది.

నేను ఈ మందుకి శత్రువుని కాను. పలాసలో జీడిపప్పు పని చేసే ఒకావిడ, యాభై దాటాయి, కొడుకు చెయ్యి పట్టుకుని నా ఓపీకి వచ్చింది. కళ్లకి ఏ జబ్బూ లేదు, కానీ రెప్పలు గట్టిగా మూసుకుపోతాయి, తెరుచుకోవు. పప్పు ఒలుస్తూ ఒలుస్తూ ఒక చేత్తో రెప్ప పైకెత్తి పట్టుకునేది. ఊళ్లో దిష్టి తీశారు, తాయెత్తు కట్టారు, కావాలని చేస్తోందని కూడా అన్నారు. రెప్పల చుట్టూ ఇంజెక్షన్లు ఇచ్చాను. వారానికి మళ్లీ వచ్చినప్పుడు కొడుకు వెనకాల నడుస్తున్నాడు, ఆవిడ ముందు నడిచి వచ్చింది. ప్రతి మూడు నాలుగు నెలలకీ వస్తుంది, ఎందుకంటే ఈ మందు పని అంతవరకే ఉంటుంది. ముడతలకైనా అంతే. మూడో రోజు నుంచి పని మొదలై, రెండు వారాలకి పూర్తిగా తెలుస్తుంది, మూడు నాలుగు నెలలకి తగ్గిపోతుంది.

ఇక దీని వల్ల వచ్చే ఇబ్బందులు. సూది దిగినచోట నొప్పి, కమిలిన మచ్చ, ఒకటి రెండు రోజులు తలనొప్పి, ఇవి మామూలే. మందు పక్కకి పాకి రెప్ప ఎత్తే కండరాన్ని తాకితే రెప్ప వాలిపోతుంది. పెళ్లికి ముందు ఇలా రెప్ప వాలి నా దగ్గరికి వచ్చిన అమ్మాయిలు ఉన్నారు. ఏడుస్తూ వస్తారు. కంటిచుక్కలతో కొంత ఎత్తగలం, మిగతాది వారాల్లో అదే సర్దుకుంటుంది. కానీ ముహూర్తం ఆగదు కదా. అందుకని ఎవరైనా పెళ్లి కోసం వేయించుకోవాలనుకుంటే కనీసం నెల ముందే వేయించుకోండి, పెళ్లి వారంలో మాత్రం వద్దు. పార్లర్ నడిపే అక్కలకి ఒక మాట. మీ దగ్గరికి ఫేషియల్‌కి వచ్చినవాళ్లని ఈమధ్య ముఖానికి ఇంజెక్షన్ ఏమైనా వేయించుకున్నారా అని అడగండి. వేయించుకుని ఉంటే రెండు వారాలు మసాజ్ చేయకండి. మీ చేతి ఒత్తిడితో మందు పక్కకి జరగొచ్చు.

దీనికన్నా పెద్ద ఇబ్బంది అరుదుగా వస్తుంది. మందు శరీరంలో దూరంగా పాకితే మింగడం, మాట్లాడటం, ఊపిరి తీసుకోవడం కష్టమవుతుంది. ఇంజెక్షన్ తర్వాత గంటల్లో రావచ్చు, వారాల తర్వాతా రావచ్చు. 2009 నుంచి అమెరికాలో ఈ మందు లేబుల్ మీద ఈ హెచ్చరిక గడి కట్టి ముద్రిస్తున్నారు. గొంతు మారినా, గుటక పడకపోయినా ఆసుపత్రికి వెళ్లాలి, తెల్లారే దాకా చూద్దామనుకోకూడదు. మయస్థీనియా అనే కండరాల జబ్బు ఉన్నవాళ్లు దీని జోలికి వెళ్లకూడదు. గర్భిణులకి, పాలిచ్చే తల్లులకి వద్దంటాం. జెంటామైసిన్, అమికాసిన్ లాంటి యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు వాడుతున్నవాళ్లు ముందే చెప్పాలి, అవి ఈ మందు ప్రభావాన్ని పెంచుతాయి.

2024 ఏప్రిల్‌లో అమెరికాలో 11 రాష్ట్రాల్లో 22 మంది ఆడవాళ్లు బొటాక్స్ పేరుతో ఇంజెక్షన్ వేయించుకుని జబ్బుపడ్డారని అక్కడి ప్రభుత్వ సంస్థ సీడీసీ ప్రకటించింది. సగం మందిని ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చింది. వాళ్లంతా అర్హత లేనివాళ్ల దగ్గరో, ఇళ్లలోనో, స్పాల్లోనో వేయించుకున్నవాళ్లు. నకిలీ సీసాలు కూడా దొరికాయి.

బొటాక్స్ సంగతి ఇక్కడితో ఆపుతాను. అది తేడా వస్తే చాలాసార్లు కాలమే సర్దుతుంది. నేను అసలు భయపడేది ఫిల్లర్ గురించి.

చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు. బొటాక్స్ కండరాన్ని పడుకోబెడుతుంది. ఫిల్లర్ అనేది జెల్, ఖాళీని నింపుతుంది. పెదవి నిండుగా కనబడాలనీ, ముక్కు దూలం ఎత్తుగా ఉండాలనీ, కళ్ల కింద గుంటలు పూడాలనీ వేస్తారు. ఎక్కువగా వాడేది హయాలురోనిక్ యాసిడ్ జెల్. మన చర్మంలో సహజంగా ఉండే పదార్థమే. వేరే రకాలూ ఉన్నాయి, కాల్షియంతో చేసినవి, ఒంట్లోంచి తీసిన కొవ్వు. ద్రవ సిలికాన్ ఎక్కించేవాళ్లు కూడా ఉన్నారు, అది ముఖానికి ఎక్కించకూడనిది. ఏళ్ల తర్వాత గడ్డలు కడుతుంది, తీయడం చాలా కష్టం.

ఫిల్లర్‌తో వాపు, కమిలిన మచ్చలు కొద్దిరోజులు ఉంటాయి. పెదవి మీద పాత జ్వరపు పొక్కులు తిరగబెట్టొచ్చు. కళ్ల కింద పైపైన వేస్తే నీలంగా కనబడుతుంది. వారాలకో నెలలకో గడ్డలు రావొచ్చు. ఇవన్నీ చూపించుకుంటే నయమయ్యేవే. ఇప్పుడు మీరంతా ఒక పని చేయండి. బొటనవేలి గోరుని ఇంకో వేలితో గట్టిగా నొక్కి పట్టుకోండి. తెల్లబడింది కదా? వదలండి. ఎంతసేపటికి ఎర్రబడింది? ఒకటి, రెండు, అంతే. రక్తం తిరిగొచ్చింది. ఫిల్లర్ వేసేవాళ్లు ప్రతి సూదికీ ముఖం మీద ఇదే చూడాలి. నొక్కి వదిలాక రంగు వెంటనే తిరిగి రాకపోతే, చర్మం తెల్లగా పాలిపోతే, కాసేపటికి వలలాగా ఊదారంగు గీతలు కనిపిస్తే, జెల్ రక్తనాళంలోకి వెళ్లిందేమోనని అక్కడే ఆపాలి. మామూలుగా కాని నొప్పి ఉంటే కూడా అంతే. మత్తుమందు కలిపిన జెల్ అయితే నొప్పి తెలియకపోవచ్చు కూడా, కాబట్టి రంగే చూడాలి.

ముక్కుకీ కంటికీ ఏం సంబంధం అంటారా? కంటికి రక్తం ఇచ్చే ధమని కంటి గుంటలోనే ఆగిపోదు. దాని కొమ్మలు బయటికొచ్చి కనుబొమల మధ్యకీ, నుదుటికీ, ముక్కు దూలానికీ వెళతాయి. పొలంలో కాలవ నుంచి పిల్లకాలవలు పోయినట్టు. ఇప్పుడు పిల్లకాలవ చివర్లో పంపు పెట్టి బలంగా నీళ్లు కొడితే? నీళ్లు వెనక్కి పోయి పెద్దకాలవలో పడతాయి. సూది మొన కంటికి కనబడనంత చిన్న ధమనిలో దిగి, సిరంజిని గట్టిగా నొక్కితే జెల్ అలాగే వెనక్కి పోతుంది. ఒత్తిడి తీయగానే రక్తం దాన్ని ముందుకి తోస్తుంది, అప్పుడు అది రెటీనాకి, అంటే కంటి లోపల వెనక వైపు చూపునిచ్చే పొరకి, రక్తం ఇచ్చే ధమనిలోకి వెళుతుంది. రెటీనాకి రక్తం ఆగిపోతుంది. ఇదంతా జరగడానికి సెకన్లు చాలు.

2015లో కొందరు వైద్యులు ప్రపంచమంతా అప్పటిదాకా ప్రచురితమైన ఇలాంటి కేసులు పోగుచేశారు. ఫిల్లర్ తర్వాత చూపు దెబ్బతిన్నవి 98. కనుబొమల మధ్య వేసినవి అన్నిటికన్నా ఎక్కువ, తర్వాత ముక్కు. 2015 నుంచి 2018 దాకా మరో 48 కేసులు బయటికొచ్చాయి, ఈసారి సగానికి పైగా ముక్కు. లక్షలాది మంది వేయించుకునేదాంట్లో ఈ అంకె చిన్నదే, ప్రచురించనివి ఉన్నా సరే ఇది అరుదైన ప్రమాదమే. ఆ 2015 పరిశీలన రాసినవాళ్లలో జీన్ కారుథర్స్ కూడా ఉన్నారు. ముడతలకి బొటాక్స్ వాడకానికి ఆద్యురాలైన ఆవిడే. తను తెరిచిన తలుపులోంచి ఏమేం లోపలికొస్తున్నాయో ఆవిడే నిలబడి చూసి, లెక్కపెట్టి, అందరికీ చెప్పారు. డాక్టరంటే నాకు అదీ గౌరవం.

ఇప్పుడు చెప్పబోయేది మాత్రం నాకు ఇప్పటికీ చెప్పడం కష్టమే. ఊరు, పేరు, ఎక్కడ వేయించుకుందో చెప్పను. అమ్మాయికి ఇరవై ఆరేళ్లు. పది రోజుల్లో నిశ్చితార్థం. ఫొటోల్లో ముక్కు చదునుగా పడుతోందని ఎవరో అన్నారట. పొద్దున్న పదకొండింటికి ముక్కు దూలం మీద ఫిల్లర్ వేశారు. సూది ఉండగానే ఎడమ కంటి వెనక పోటు, ఆ కన్ను చీకటి. వాంతి చేసుకుంది. బీపీ డౌన్ అయి ఉంటుంది, టెన్షన్ పడకు అని కొబ్బరినీళ్లు తాగించి పడుకోబెట్టారు. వేసినాయన మధ్యాహ్నం బండి అందుకోవాలని వెళ్లిపోయాడు. సాయంత్రం ఇంటికి దగ్గర్లో ఉన్న ఒక డాక్టరుకి చూపించారు, ఆయన కంటి డాక్టరుకి చూపించమన్నాడు. మర్నాడు పొద్దున్న తొమ్మిదింటికి నా దగ్గరికి వచ్చారు.

టార్చ్ వేశాను. ఆ కంటి పాప కదల్లేదు. వెలుగు తెలుస్తోందా తల్లీ అని అడిగాను. ఆ అమ్మాయి వెంటనే జవాబు చెప్పలేదు, వాళ్లమ్మ వైపు తిరిగి, “ఏటీ కనబడట్నేదమ్మా” అంది. లోపల రెటీనా ఎర్రగా ఉండాల్సింది పాలిపోయి తెల్లగా ఉంది. ముక్కు మీదా, కనుబొమల మధ్యా ఊదారంగు వల అప్పటికే నల్లబడుతోంది. ఏ ఫిల్లర్ వేశారని ఆ సెంటరుకి ఫోన్ చేసి అడిగితే అక్కడున్న అమ్మాయికి తెలియదు, కాగితం మీద రాసి లేదు. హయాలురోనిక్ అయి ఉంటుందని అనుకుని మందు మొదలుపెట్టాం. చర్మం చాలావరకు నిలబడింది, ముక్కు చివర చిన్న మచ్చ మిగిలింది. కన్ను రాలేదు.

ఆ మందు ఏమిటో చెప్పాలి. పేరు హయాలురోనిడేజ్. హయాలురోనిక్ జెల్‌ని కరిగించేస్తుంది. ఇది అరుదైన మందు కాదమ్మా. శుక్లాల ఆపరేషన్‌కి ముందు కంటి పక్కన ఇచ్చే మత్తు బాగా పాకడానికి కంటి డాక్టర్లం దీన్ని ఎప్పటినుంచో కలుపుతున్నాం. మా థియేటర్ ఫ్రిజ్‌లో ఎప్పుడూ ఉంటుంది. ఆ అమ్మాయికి ముక్కు మీద సూది దిగిన రోజు కూడా ఉంది. వాళ్ల ఇల్లు నా ఆసుపత్రికి బండి మీద పది నిమిషాలు. ఎవరూ ఫోన్ చేయలేదు. చేసి ఉంటే కన్ను వచ్చేసేదని నేను అనడం లేదు, వెంటనే ఇచ్చినా చూపు తిరిగి రావడం చాలా అరుదు. కానీ ప్రయత్నించే అవకాశం కూడా ఆ పిల్లకి దక్కలేదు.

రెటీనా రక్తం లేకుండా ఎంతసేపు ఉంటుంది? పంజాబులో పుట్టి అమెరికాలో పనిచేసిన సోహన్ సింగ్ హయ్రే అనే పెద్ద కంటి శాస్త్రవేత్త కోతుల మీద పరీక్షించి, 97 నిమిషాల దాకా తట్టుకుందనీ, నాలుగు గంటలకి పూర్తిగా పోయిందనీ చూపించారు. మనిషిలో అంతకన్నా చాలా తక్కువ సమయమే అనేవాళ్లూ ఉన్నారు. మనం గంటన్నర అనే అనుకుందాం. శ్రీకాకుళం నుంచి విశాఖ నూరు కిలోమీటర్ల పైమాట. హైవే ఖాళీగా ఉండి, కారు వాకిట్లో రెడీగా ఉంటే రెండు గంటలు. ఇచ్ఛాపురం వాళ్లకి దానికి రెట్టింపు. విశాఖలో పెద్ద ఆసుపత్రులు ఉన్నాయి కదా అనే ధైర్యం ఈ ఒక్క విషయంలో పనికిరాదు. సూది ఏ గదిలో వేస్తారో విరుగుడు ఆ గదిలోనే ఉండాలి, వేసిన మనిషికి దాన్ని వాడటం తెలిసి ఉండాలి.

ఇందాక 24 గంటలు గుర్తుంచుకోమన్నాను. ఒక సీసాలో 100 యూనిట్లు. కనుబొమల మధ్య ముడతలకి ఒక మనిషికి సాధారణంగా 20. తెరిచిన సీసా రేపటికి పనికిరాదు. అందుకని మన చిన్న ఊళ్లలో ఏం చేస్తారంటే, ఆదివారం ఒక రోజు పెట్టుకుని అయిదారుగురిని పోగుచేస్తారు. ఫోన్లో మెసేజ్ వస్తుంది, స్పెషల్ డాక్టర్ వస్తున్నారు, ఆఫర్ రేటు అని. ఒకే రోజు అందరికీ వేయడం తప్పు కాదు, సీసా వృథా కాకుండా చూసుకోవడమే అది. కానీ అదే రోజు అదే మనిషి ఫిల్లర్లు కూడా వేసి, సాయంత్రం ఆమదాలవలస స్టేషన్‌లో రైలెక్కేస్తే, రాత్రి ఎనిమిదింటికి మీ అమ్మాయి పెదవి తెల్లబడితే ఎవరికి చెబుతారు? ఈ ప్రశ్న డబ్బు కట్టక ముందే అడగండి. రాత్రికి మీరు ఊళ్లో ఉంటారా? లేకపోతే మీ తరఫున ఎవరు చూస్తారు, వాళ్ల నంబరు ఏమిటి? హయాలురోనిడేజ్ మీ దగ్గరుందా, చూపిస్తారా? కోపం తెచ్చుకుంటే లేచి వచ్చేయండి. మంచి డాక్టరు ఈ ప్రశ్నకి సంతోషిస్తాడు.

ఇంకా అడగాల్సినవి ఉన్నాయి. డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు గోడ మీద ఉండాలి, రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌లో సరిచూసుకోవచ్చు. రెండు వారాల బ్యూటీ కోర్సు సర్టిఫికెట్ ఇంజెక్షన్ చేయడానికి అర్హత కాదు. పార్లర్ అక్కలూ, ఇది మీ మీద కోపంతో అనడం లేదు. మీ చేతిలో ఎంత నైపుణ్యం ఉందో పెళ్లిళ్ల సీజన్‌లో చూస్తూనే ఉంటాను. కానీ ఏదైనా అయితే ఇరుక్కునేది మీరే, మందు సరఫరా చేసినవాడు కాదు. ఎవరైనా వచ్చి మీ పార్లర్లో గది ఇవ్వండి, కమీషన్ ఇస్తాం అంటే ఇవ్వకండి. ఇక పేషెంట్ చూసుకోవాల్సింది, సీసా గానీ సిరంజి పెట్టె గానీ మీ ముందే తెరవాలి. ఫిల్లర్ పెట్టెలో చిన్న స్టిక్కర్లు ఉంటాయి, వాటి మీద పేరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉంటాయి. ఒకటి మీ చీటీ మీద అంటించమనండి. నా దగ్గరికి వచ్చిన ఆ అమ్మాయి చేతిలో ఆ స్టిక్కర్ ఉంటే ఏం వేశారోనని ఊహించాల్సిన పని నాకు ఉండేది కాదు.

మీ వైపు నుంచి కూడా దాచకూడదు. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటి రక్తం పలుచన చేసే మాత్రలు వాడుతుంటే చెప్పండి, కానీ గుండె డాక్టర్ని అడక్కుండా ముడతల కోసం వాటిని ఆపేయకండి. ఇదివరకు ముఖానికి ఏదైనా ఎక్కించుకుని ఉంటే అదీ చెప్పండి. చాలామంది ఇంట్లోవాళ్లు పక్కన ఉన్నారని చెప్పరు. ఒక్క నిమిషం వాళ్లని బయట కూర్చోమనమని డాక్టర్ని అడగొచ్చు, తప్పు లేదు.

మీరు ప్రశ్నలు రాసి పంపిన చీటీల్లో, ఒళ్లు తెల్లబడటానికి ఎక్కించే గ్లూటాథయోన్ అనే మందు డ్రిప్ గురించి చాలా వచ్చాయి. నరంలోకి ఎక్కించే గ్లూటాథయోన్‌ని రంగు కోసం వాడటం ప్రమాదమని ఫిలిప్పీన్స్ ఔషధ సంస్థ 2011లోనే హెచ్చరించింది. కాలేయానికి, కిడ్నీకి, నరాలకి హాని, ఒళ్లంతా చర్మం ఊడిపోయే రియాక్షన్ అని అందులో రాశారు. ఉద్దానం పక్కనే ఉండి, డయాలిసిస్ మంచాల మీద ఎంతమందిని చూశామో మనకి తెలిసి, చామనఛాయ పోగొట్టుకోవడానికి కిడ్నీని పణంగా పెట్టడం నా మనసుకి ఎక్కదు. మీ రంగు బాగుంది. మన రక్తమే తీసి, అందులోంచి వేరుచేసిన ప్లాస్మాని ముఖానికి ఎక్కించే పీఆర్పీ ఫేషియల్ ఉంది, సొంత రక్తమే కాబట్టి భయం లేదనుకునేవాళ్లకి కూడా ఒక మాట. అమెరికాలో న్యూ మెక్సికోలో లైసెన్సు లేని ఒక స్పాలో ఇది చేయించుకున్న ముగ్గురు ఆడవాళ్లకి అక్కడే హెచ్‌ఐవీ సోకిందని 2024లో నివేదిక వచ్చింది. రక్తం సొంతదే, సూదులూ గొట్టాలూ ఎవరివో.

ఏదైనా రియాక్షన్ వస్తే చికిత్స అయ్యాక ఊరుకోకండి. మందుల దుష్ఫలితాలు నమోదు చేసే కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం ఒకటి ఉంది, ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ నడుపుతుంది. టోల్ ఫ్రీ నంబరు 1800 180 3024. రాసుకోండి. పేషెంట్ కూడా చేయొచ్చు, డాక్టరే చేయాలని లేదు.

చీటీల్లో ఒకటి మిగిలింది. “మేడం, మా అక్క మొన్న పెదవులకి వేయించుకుంది. ఒక పక్క చిన్న గడ్డలా తగులుతోంది. ఇంట్లో తెలియదు.” పేరు రాయలేదు, మంచి పని చేశావు. నాలుగైదు రోజుల్లో మెత్తటి గడ్డ అయితే చాలాసార్లు వాపే. నొక్కి పిసకవద్దను. నొప్పి పెరుగుతున్నా, వేడిగా ఉన్నా, రంగు మారినా ఈ రోజే వేసిన డాక్టరుకి చూపించాలి. ఆయన ఊళ్లో లేకపోతే నా దగ్గరికి తీసుకురా, ఓపీ చీటీ మీద కంటి పరీక్ష అనే రాస్తాను. ఇంట్లో ఎవరికీ నేను చెప్పను.

ఆ సీసా ఎక్కడిదాకా వెళ్లింది? ఆ కిటికీ పక్కనా, ఇలా ఇవ్వు తల్లీ. తిరిగి ఎందుకు అడిగానంటే, అసలు లేబుల్ ఉన్న ఖాళీ సీసా చాలు, ఎవరైనా ఏదైనా నింపి అమ్మేయొచ్చు. మా దగ్గర వాడిన ప్రతి సీసా లేబుల్ నా ముందే చెరిపేసి చెత్తలో వేయిస్తాను. ఎవరి దగ్గరైనా నల్ల మార్కర్ పెన్ను ఉందా? ఆ, ఇటు ఇవ్వండి.